టేకు గోడలో వైన్ కూలర్

వైన్ కూలర్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకు యాభై ఏడేళ్ళు. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. శ్రీకాకుళంలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షోరూములో సర్వీసు మెకానిక్కుగా చేస్తున్నాను. చేపల ఫ్రీజర్లు, పాలకేంద్రాల చిల్లర్లు, మందుల షాపుల చిన్న ఫ్రిజ్‌లు, ప్లాస్టిక్ కవరు తీయకుండా పదేళ్ళు వాడిన ఇంటి ఫ్రిజ్‌లు. చల్లబడాల్సింది చల్లబడకపోతే నాకు ఫోను వచ్చేది. స్కూటరు మీద పనిముట్ల సంచీ, గ్యాసు సిలిండరు కట్టుకుని వెళ్ళేవాణ్ణి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో పెద్ద సక్సెస్ ఒకటి చెప్పండి సార్" అని అడుగుతుంటారు. సక్సెస్‌లో చెప్పడానికేముంది? గ్యాసు పట్టాం, చల్లబడింది, టీ తాగి వచ్చేశాం. అందుకని ఈ వైన్ కూలర్ సంగతే చెబుతుంటాను. మీకూ అదే చెబుతాను.

కళింగపట్నం బీచి రోడ్డులో ఒకాయన కొత్తగా రెస్టారెంటు కట్టాడు. చేపల వ్యాపారంలోంచి పైకొచ్చిన కుటుంబం. మనిషి మంచివాడే కానీ ఒకసారి గోవా వెళ్ళొచ్చాడు. అక్కడ ఏదో హోటల్లో అద్దాల బీరువాలో సీసాలు పడుకోబెట్టి, వాటి వెనక నీలం లైటు వెలుగుతుంటే చూశాడట. తిరిగొచ్చాక ఆయనకు తన రెస్టారెంటులో సముద్రం ఒక్కటీ సరిపోలేదు. నీలం లైటు కూడా కావాలనుకున్నాడు.

మా జిల్లాలో వైన్ సంగతి మీకు తెలిసిందే. ఊరూరా 'వైన్స్' అని బోర్డులుంటాయి. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది. వైన్ ఉందా అని అడిగితే కౌంటర్లో మనిషి మనల్ని కిందినుంచి పైదాకా చూస్తాడు. అలాంటి చోట వైన్‌కోసం ప్రత్యేకంగా ఒక చల్లటి బీరువా కావాలని వచ్చిన మొదటి కస్టమరు ఆయన.

మా మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచాడు. "వైన్ కూలర్ ఏది మంచిదో చూసి పెట్టాలి. ఆ పని నీదే" అన్నాడు.

"నాకు దాని గురించి తెలీదు సార్."

"ఎవరికీ తెలీదు. తెలీనివాళ్ళలో నువ్వు సీనియర్‌వి."

ఆ విధంగా నేను ఎక్స్‌పర్టునయ్యాను. అంతవరకు ఆ రెస్టారెంటు ఓనరు నన్ను 'మావా' అని పిలిచేవాడు. మేనేజరు ఫోను చేసి మా కూలింగ్ కన్సల్టెంటుని పంపుతున్నాం అని చెప్పిన దగ్గర్నుంచి 'సార్' అనడం మొదలుపెట్టాడు. నాకు మొదట నవ్వొచ్చింది. తరవాత అలవాటైంది. అలవాటు కావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

అయితే ఊరికే కూర్చోలేదు. మూడు రోజులు ఫోనులో వీడియోలు చూశాను, కేటలాగులు తెప్పించి చదివాను. వైన్ మరీ చల్లగా ఉండకూడదు, వేడెక్కనూ కూడదు. సీసాని పడుకోబెట్టాలి, లేకపోతే బిరడా ఎండిపోతుంది. ఎండ తగలకూడదు, అదురు ఉండకూడదు. బాలింతని చూసుకున్నట్టు చూసుకోవాలన్నమాట. ఇక మిషన్లలో రెండు రకాలు. ఒకదానికి కంప్రెసర్ ఉండదు, చడీచప్పుడూ లేకుండా పనిచేస్తుంది. కానీ బయట వేడి పెరిగేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. ఏసీ పడగ్గదిలో నాలుగు సీసాలు పెట్టుకునేవాళ్ళకు పరవాలేదు, మన ఎండలకి, హోటలుకి పనికిరాదు. రెండోది మామూలు ఫ్రిజ్‌లాగ కంప్రెసర్ ఉన్నది. అందులోనూ కొన్ని ముందువైపు నుంచి వేడిగాలి వదులుతాయి. వాటిని గోడలోనో అరలోనో బిగించుకోవచ్చు. కొన్ని వెనకవైపు నుంచి వదులుతాయి. వాటిని విడిగా, వెనక సందు వదిలి నిలబెట్టాలి.

ఇదంతా నాకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తెలియక చేసిన తప్పు కాదు నాది.

రెస్టారెంటుకి వెళ్ళేసరికి అక్కడ ఒక డిజైనరు ఉన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చాడు. హాల్లో ఒక పక్క గోడంతా టేకు చెక్కతో కట్టించి, దాన్ని దూరంనుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి చూసుకుంటున్నాడు. గోడ మధ్యలో ఒక చదరం ఖాళీ వదిలాడు. వైన్ కూలర్ అందులో కూర్చోవాలి.

నేను ముందునుంచి గాలి వదిలే రకం బొమ్మ చూపించాను. దానికి అడుగున నల్లటి జాలీ ఉంటుంది.

"ఇదేమిటండీ, బస్సు రేడియేటరులా ఉంది! నా గోడ మీద ఇది వద్దు" అన్నాడు డిజైనరు. కేటలాగు తనే తిరగేసి ఇంకోటి చూపించాడు. పైనుంచి కిందిదాకా అద్దమే. జాలీ లేదు, గీత లేదు. "ఇది చూడండి, ఎంత క్లీన్‌గా ఉందో!"

అది వెనకనుంచి గాలి వదిలే రకం. కింద చిన్న అక్షరాల్లో ఉంది, వెనక నాలుగు వేళ్ళ సందు వదలాలి, మూసిన అరలో పెట్టకూడదు అని. ఆ వాక్యం కింద ముందురోజే నేను ఎర్రపెన్నుతో గీత కూడా గీశాను.

"మీరు కన్సల్టెంటు కదా, మీరు చెప్పండి. ఇందులో పడుతుందా పట్టదా?" అన్నాడాయన. ఓనరు కూడా నావైపే చూస్తున్నాడు. నాకోసం కుర్చీ తెప్పించారు, కొబ్బరిబొండాం కొట్టించారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో కస్టమరు ఇంట్లో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలేమో. నేను టేపు తీసి వెడల్పు కొలిచాను, ఎత్తు కొలిచాను.

"పడుతుంది" అన్నాను.

అప్పుడు వంటింట్లోంచి ఓనరు మేనత్త వచ్చింది. వయసులో నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. చాలా ఏళ్ళు గంపతో చేపలమ్మిన మనిషి. ఇప్పుడు ఆ రెస్టారెంటు వంటంతా ఆవిడ చేతుల్లోనే ఉంది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆ ఖాళీ చదరం ముందు నిలబడింది.

"తమ్ముడూ, ఈ గోడకి అటుపక్క ఏటున్నాదో సూసినావా?"

"వంటిల్లే కదమ్మా."

"వంటిల్లంటే ఏటి? ఓపాలి లోనకొచ్చి సూడు."

డిజైనరు నవ్వాడు. "ఆంటీ, ఇది ఇంపోర్టెడ్ అండీ. మామూలు ఫ్రిజ్ కాదు."

"ఇంపోర్టెడ్‌దైతే ఊపిరి ఆడక్కర్నేదా?"

నేను కలగజేసుకున్నాను. "హాలంతా ఏసీయే కదమ్మా. ఏం కాదు."

"ఏసీ దాని మొగానికి. ఈపుకి కాదు గదా" అంది ఆవిడ.

ఓనరు కాస్త సిగ్గుపడ్డట్టు "అత్తా, నువ్వెళ్ళు, సార్ సూసుకుంటారు" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. లేచి పది అడుగులు వేస్తే వంటింటి తలుపు. నేను లేవలేదు. వాచీ చూసుకుని, కొబ్బరినీళ్ళు తాగేసి, ఎర్రగీత ఉన్న పేజీని లోపలికి మడిచి కేటలాగు సంచీలో పెట్టుకున్నాను.

మిషను వచ్చింది. టేకు గోడలో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. చుట్టూ గోరు దూరే సందు లేదు. డిజైనరు అరచేత్తో నిమిరి మురిసిపోయాడు. ట్రయలు వేశాం. అరగంటలో చల్లబడింది. పైన నీలం అంకెల్లో పన్నెండు అని వెలిగింది. ఓనరు నన్ను కౌగిలించుకున్నాడు. ఆరోజు వంటింట్లో పొయ్యిలు ఇంకా వెలిగించలేదన్న సంగతి నేను పట్టించుకోలేదు.

ప్రారంభోత్సవం ఎండాకాలం మొదట్లో, మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టారు. జిల్లాలో పేరున్నవాళ్ళు చాలామంది వచ్చారు. రిబ్బను కత్తిరించడానికి ఒక పెద్ద నాయకుడొచ్చాడు. చీపురుపల్లి నుంచి ఒక రైసుమిల్లు ఓనరొచ్చాడు. ఆయనకి కల్యాణమండపం కూడా ఉంది. మా మేనేజరు కొత్త చొక్కా వేసుకుని, ఆర్డరు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఫోటోల్లో సముద్రం పడాలని హాలు తలుపులన్నీ బార్లా తెరిచారు. ఏసీలు బీచికి పనిచేస్తున్నాయి.

ఓనరు నాలుగు మాటలు మాట్లాడాడు. గోవాలో ఉన్నది కళింగపట్నంలో ఎందుకుండకూడదన్నాడు. చప్పట్లు. డిజైనరు కూలర్ తలుపు తీసి మొదటి సీసా బయటికి తీశాడు. బిరడా అప్పటికే సగం బయటికి వచ్చి ఉంది. ఆయన దాన్ని పీకినట్టు నటించి, గ్లాసుల్లో పోశాడు.

నాయకుడు ఒక గుక్క తాగాడు. ఒక క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. చుట్టూ అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఫోటోగ్రాఫరు కూడా.

"ఆఁ! ఒరిజినల్ ఫారిన్‌దంటే ఇలగే ఉంటాది. గొంతులో యెచ్చగా దిగతాది" అన్నాడు.

ఇంకేముంది, అందరికీ ధైర్యం వచ్చింది. ఒకాయన కళ్ళు మూసుకుని తాగాడు. ఒకాయన, "అదీ మరి. సల్లగుంటే బీరు, యెచ్చగుంటే వైను" అని పక్కాయనకి పాఠం చెప్పాడు. రైసుమిల్లు ఓనరు గ్లాసు ముట్టుకోకుండానే మా మేనేజరు దగ్గరికి వచ్చాడు. "మాకు రెండు గావాల. ఇంటికొకటి, మండపానికొకటి. అచ్చం ఇలగే, గోడలోనే ఉండాల."

"మీరు తాగరు కదా?" అన్నారు పక్కనెవరో.

"తాగనంటే? సూడ్డానికి కళ్ళున్నాయి గదా."

మేనేజరు పుస్తకం తెరిచాడు. నేను మాత్రం "యెచ్చగా" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. బల్ల మీదున్న సీసాని పట్టుకుని చూశాను. స్నానానికి కాచిన నీళ్ళ చెంబులా ఉంది. కూలర్ వైపు చూస్తే పన్నెండు అని వెలుగుతూనే ఉంది. అప్పుడు తట్టింది. ఆ అంకె లోపలి చల్లదనం కాదు, మనం కోరుకున్న చల్లదనం. మన ఆఫీసు గోడల మీద టార్గెట్లు రాసిపెట్టినట్టే అదీను.

దగ్గరికి వెళ్ళి చెవిపెట్టాను. లోపల కంప్రెసర్ లేవబోయి, టక్‌మని పడిపోతోంది. మళ్ళీ లేవబోయి, టక్. ఈ చప్పుడు మీరూ విని ఉంటారు. గోడ మీద చెయ్యి పెట్టాను, తీసేశాను. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టుంది. పాలిష్ అక్కడక్కడ పొక్కులు లేస్తోంది. వాసన మొదలైంది.

మేనేజరు చెవిలో చెప్పాను. "సార్, ఇది కాలిపోతుంది."

ఆయన నవ్వు చెదరనివ్వకుండానే, "సాయంత్రం దాకా ఆగదా?" అన్నాడు.

అబద్ధం చెప్పను, ఒక్క నిమిషం నేను కూడా ఆలోచించాను. అందరూ మెచ్చుకుంటున్నారు. ఇంకో రెండు ఆర్డర్లు వచ్చాయి. నేను ఏడాదిలో ఇంటికి పోయేవాణ్ణి. కానీ ఆ చెక్కకు అటువైపు వంటగ్యాసు ఉంది, మనుషులున్నారు. ఆ తలుపు తోసుకుని మొదటిసారి వంటింట్లోకి వెళ్ళాను.

గోడ పొడుగునా ఆరు పెద్ద పొయ్యిలు. పొద్దున్నుంచి వెలుగుతూనే ఉన్నాయి. ఒకదాని మీద చేపల పులుసు, ఒకదాని మీద రొయ్యలు, మిగతావాటి మీద అన్నాలు. ముందు వంటింటి వేడి, మధ్యలో చెక్క, అందులో ఊపిరాడని మిషను. అత్త ముఖమంతా చెమట.

"వొచ్చినావా?" అంది.

"మెయిను ఎక్కడమ్మా?"

గరిటెతో చూపించింది. లాగేశాను. కూలరు, నీలం లైటు, హాల్లో ఏసీలు, మైకు, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పొయ్యిలు ఆర్పెయ్యమంటే ఆవిడ ఎందుకని అడగలేదు. ఒక్కొక్కటే తిప్పేసింది.

హాల్లోకి తిరిగి వచ్చేసరికి అందరూ నావైపే చూస్తున్నారు. ఓనరు దగ్గరికి వెళ్ళి గట్టిగానే చెప్పాను. "బాబూ, ఇది గోడలో పెట్టే రకం కాదు. విడిగా నిలబెట్టాలి. నాకు తెలిసీ పెట్టించాను. ఇంకాసేపు ఉంటే చెక్క అంటుకునేది."

ఓనరు ముఖం పాలిపోయింది. నాయకుడు గ్లాసు వైపు చూసుకున్నాడు.

"అయితే ఇందాక మేం తాగిందేటి?"

"వేడెక్కిపోయిన వైనండి."

ఆయన గ్లాసు మెల్లిగా బల్ల మీద పెట్టి, "నాను అప్పుడే అనుకున్నాను" అన్నాడు. సల్లగుంటే బీరు అని పాఠం చెప్పినాయన కూడా అనుకున్నాడట. అడిగి చూస్తే ఆ హాల్లో అనుకోనివాడు లేడు.

అంతలో అత్త ఇద్దరిచేత చేపల పెట్టె మోయించుకుంటూ వచ్చింది. తెల్లటి థర్మోకోలు పెట్టె, నిండా పొడిచేసిన ఐసు. చేపలు తీసేసింది కానీ ఐసులో అక్కడక్కడ పొలుసులు మెరుస్తున్నాయి. కూలర్లో సీసాలన్నీ తీసి మెడదాకా గుచ్చేసింది. "ఒక గడియ ఆగండి. సల్లగవుతాయి. నాను వొన్నం పెట్టిస్తాను" అంది. భోజనాలు సగమయ్యేసరికి సీసాలు కడిగి, తుడిచి బల్లల మీద పెట్టింది. నాయకుడు ఒక గుక్క తాగి, ఈసారి చుట్టూ చూడకుండానే అన్నాడు, "ఇదీ ఒరిజినల్."

మర్నాడు చెక్క విప్పాం. కూలర్ వీపంతా నల్లగా మాడింది. వెనక టేకు బొగ్గయింది. డిజైనరుకి ఫోను చేస్తే, గాలి సంగతి డ్రాయింగులో భాగం కాదన్నాడు. అది నిజమే, ఆయన డ్రాయింగులో గాలి లేదు. తరవాత జాలీ ఉన్న రకమే తెప్పించి, వంటింటికి దూరంగా, ఎండ పడని మూలన పెట్టాను. బస్సు రేడియేటరులాగే ఉంది. చక్కగా చల్లబడుతోంది.

రైసుమిల్లు ఓనరు మాత్రం వెనక్కి తగ్గలేదు. చీపురుపల్లిలో ఆయన ఇంటికి వెళ్ళి, తాగేవాళ్ళు లేని ఇంట్లో ఇది ఎందుకండీ, దీన్ని రోజంతా నడపాలి, ఎండాకాలం కరెంటు పోతే లోపలున్నది పాడవుతుంది అని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే మిసను తీసీసి ఒట్టి లైటెట్టేయండి" అన్నాడు. కార్పెంటరుని పంపాం. మా ఉద్యోగంలో ఒక్క కంప్లయింటూ రాని వైన్ కూలర్ అదొక్కటే.

ఇక కాగితం పని మిగిలింది. ఏ మిషను పాడైనా మేం సర్వీసు రిపోర్టు రాయాలి. అందులో 'కారణం' అనే చోట మూడు గళ్ళుండేవి. వోల్టేజి, కస్టమరు వాడకం, తయారీ లోపం. మెకానిక్కు అనే గడి లేదు. ఆ ఫారం తయారుచేసినవాళ్ళకి అలాంటిదొకటి జరగొచ్చని తోచలేదేమో, లేదా బాగా తోచిందేమో. మేనేజరు నా ముందు పెన్ను పెట్టి, "వోల్టేజి అని టిక్కు పెట్టు. కరెంటు వాళ్ళు ఎలాగూ మాటలు పడతారు" అన్నాడు. నేను కింద చేత్తో నాలుగో గడి గీసి, మెకానిక్కు తప్పు అని రాసి టిక్కు పెట్టాను. సంతకం చేశాను. రిటైరయ్యే ముందు ఇదేం పిచ్చి అన్నాడాయన. నాకు లోపల్లోపల కొంచెం గర్వంగానే ఉంది.

కస్టమరు కాపీ ఇవ్వడానికి కళింగపట్నం నేనే వెళ్ళాను. ఓనరు వంటింటి వెనక వరండాలో కూర్చున్నాడు. పక్కన అత్త పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఆయన కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

"ఇలగ రాయొచ్చని నాకు తెల్దు" అన్నాడు.

"ఇదివరకు ఎవరూ రాయలేదు బాబూ."

"నువ్వు కూడానా?"

నేను సంచీ పట్టీ సర్దుకున్నాను.

"మా నాన్నకి ఐసు ఫ్యాక్టరీ ఉండేది, గుర్తున్నాదా? దాని మిసను కాలిపోయినప్పుడు నువ్వే వొచ్చినావు. కాయితం నువ్వే రాసినావు. వోల్టేజీ అన్నావు. మా నాన్న ఆ కాయితం పట్టుకుని కరెంటాఫీసు సుట్టూ మూడేళ్ళు తిరిగినాడు. ఆళ్ళు తప్పు మాది కాదన్నారు. ఈయన నమ్మలేదు. నిన్ను నమ్మినాడు." కాగితం మీదనుంచి తల ఎత్తాడు. "అది నిజంగా వోల్టేజీయేనా?"

ఆ ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. వానాకాలం. తడినేల. ఆయన తండ్రి గొడుగు పట్టుకుని నా పక్కనే నిలబడటం, స్టీలు గ్లాసులో టీ ఇవ్వడం గుర్తొచ్చాయి. కంప్రెసర్‌లో ఆయిలు తగ్గితే మిషను కాలిపోతుంది, అది ఎంతుందో చూడటానికి చిన్న అద్దం ఉంటుంది. అంతకుముందు నెల సర్వీసు చేసింది నేనే. ఆ అద్దంలోకి చూశానా, లేదా? ఎంత ఆలోచించినా టీ గ్లాసు కనబడుతోంది కానీ ఆ అద్దం కనబడలేదు.

"గుర్తులేదు బాబూ" అన్నాను.

అత్త చేతులు ఆగాయి. ఆవిడ నా ముఖంలోకి చూసి, మళ్ళీ రొయ్యలు ఒలవడం మొదలుపెట్టింది. ఓనరు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా లేడు. అదే నాకు కష్టంగా ఉంది.

"గుర్తొస్తే ఎప్పుడైనా వొచ్చి సెప్పు" అన్నాడు.

రిటైరై నాలుగేళ్ళయింది. ఇంకా వెళ్ళలేదు.